మూడు కిలోల నాలుగొందలు

దుకాణానికి నేనొక బక్‌వీట్ పిండి సంచీ తీసుకెళ్ళాను.
మూడు కిలోల నాలుగొందలు.
తేనె తూచే తక్కెడలో రెండుసార్లు తూచి, మూతి కుట్టి,
పైన ఉన్ని టోపీ ఒకటి తొడిగాను.

అసలు మనిషికి తొమ్మిది రోజులు.
బోహిన్ లోయలో, కొండదారి మూడో మలుపు పైన
వాళ్ళమ్మ పక్కలో నిద్రపోతోంది.
పేరింకా కుదర్లేదు.

అమ్మే పిల్ల గడగడా చెబుతోంది.
పెదవులు నాకెదురుగా ఉన్నంతసేపు మాటలందుతాయి.
సరుకు వైపు తల తిప్పిందా,
వాక్యం సగంలో తెగి నేలమీద పడుతుంది.
(నాలుగో ఏట వచ్చిన జ్వరం
నా చెవులు అప్పు తీసుకుపోయింది. మళ్ళీ ఇవ్వలేదు.)
కప్పు పెట్టుకునే చోటు చూపించింది,
ఒంటిచేత్తో మడిచి చూపించింది,
ఆకుపచ్చా బూడిదరంగా అని అడిగింది.
కాగితం మీద రాశాను: బయట కంకర ఉందా?

దుకాణం వెనక లారీలు సరుకు దించే చోటు.
కంకర, గుంటలు, నిన్నటి మంచు కరిగిన నీళ్ళు.
మొదటి బండి చిన్న చక్రాలది. మొదటి గుంటలోనే ఆగిపోయింది.
పిండిపాప ముందుకు వంగి
లారీ డ్రైవరుకి దణ్ణం పెట్టింది.

రెండోది మూడు చక్రాలది, గాలి టైర్లు, కింద స్ప్రింగులు.
కళ్ళు మూసుకుని తోశాను.

నాకు పద్దెనిమిది తేనెపెట్టెలున్నాయి.
చలికాలం చివర చెక్కమీద అరచెయ్యి ఆనిస్తే
లోపల రాణి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.
ఉంటే, పొంగుకు ముందు పాలగిన్నెలా ఒకే తీరు వణుకు.
లేకపోతే అతుకుల బొంత.
అలాంటిదే కావాలి నాకీ పిడిలో.
రాళ్ళ గొడవ చక్రాల దగ్గరే ఆగిపోవాలి.
చేతిదాకా వచ్చేది
లోపలి మనిషి గొడవే అయి ఉండాలి.

"సంచీని ఏడిపించు" అని రాసిచ్చాను.
ఆ పిల్ల, ష్పేలా, అటూ ఇటూ చూసింది.
తర్వాత వంగి, రెండు చేతులతో
పిండిని కాళ్ళు తన్నినట్టు కుదిపింది.
అందింది.
ఇంకోసారి అన్నాను. ఇంకోసారి అందింది.

సీటు ఇటూ తిరుగుతుంది, అటూ తిరుగుతుంది.
"కొన్నాళ్ళు పోతే పిల్లలు లోకం చూస్తామంటారు కదా" అని
ఈసారి తనే కలం లాక్కుని రాసింది.
లోకం ఎక్కడికి పోతుంది.
ముఖం నా వైపుంటేనే ఏడుపు నాకు కనిపిస్తుంది.
ఆకలి ఏడుపుకి కింది పెదవి ముందు వణుకుతుంది.
తడి ఏడుపుకి కనుబొమలు ఎర్రబడతాయి.
ఊరికే ఏడ్చేదొకటుంది, దానికి నోరు చదరంగా తెరుచుకుంటుంది.
తొమ్మిది రోజుల్లో మూడే నేర్చుకున్నాను.
నాలుగోది ఉందని నేజా అంటుంది.

ష్పేలా మీట నొక్కి సీటు అటు తిప్పింది.
టోపీ వెనక భాగం కనబడింది.
అంతే. ఇంకేమీ లేదు.
పిండి సంచే కదా అనుకున్నాను,
అయినా పిడి గట్టిగా పట్టుకున్నాను.

ఏడువందల నలభై రెండు యూరోలు.
అంటే యాభై మూడు సీసాల లిండెన్ తేనె.
బేరం చెయ్యలేదు.

మూడో మలుపు దగ్గర వ్యాను ఆపి
బండి దించి, మిగిలిన ఎత్తంతా తోసుకుంటూ ఎక్కాను.
బురద, వేళ్ళు, ఎవరివో ఆవులు తొక్కిన గుంటలు.
పిండి నావైపే చూస్తోంది. ఒక్క కుదుపూ చేతికి రాలేదు.

కిటికీలో నేజా.
పాపనెత్తుకున్న చెయ్యి పోగా మిగిలిన చేత్తో అడిగింది:
"ఎవరినీ తెచ్చింది?"

జవాబు చెప్పాలంటే పిడి వదలాలి నేను.
కింద చూస్తే వాలు, వాలు చివర వాగు.
బ్రేకు తొక్కాను.
ఒకసారి లాగి చూశాను, మరోసారి నెట్టి చూశాను.
నిలబడింది.
దుకాణంలో ఇదొక్కటీ అడగడం మరిచిపోయాను.

అప్పుడు రెండు చేతులూ ఎత్తాను.